బండ రాక్షసికి జోలపాట

నిన్న పొద్దున పద్మక్క కూతురు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అంది.

నమ్మలేదు. మొన్న మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది కదా!

స్టవ్ మీద పాలు పొంగుతున్నా అలాగే నిలబడిపోయాను.

మీలో చాలామందికి ఆమె నిజాంపేటలో మా పక్క ఫ్లాట్ ఆంటీ. నాకు మాత్రం డెబ్బైల చివర్లో, మదీనాగూడ దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో, రాక్షసులను తయారుచేసిన అక్క.

అవును, రాక్షసులనే. నవ్వకండి.

క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్తూ ఒక ఫారిన్ ఇంజినీర్ కుటుంబం మాకో గేమ్ బాక్స్ ఇచ్చింది. ఒకరు కథ నడపాలి, మిగతావాళ్లు అందులో వీరులు. పాచికలు వేస్తూ రాక్షసులతో పోరాడాలి.

పుస్తకంలో ఉన్న రాక్షసులు అక్కకు నచ్చలేదు. "గీ చలిదేశం భూతాలు మనకెందుకే? మనయి మనమే చేస్కుందాం" అంది.

ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట అప్పుడన్నీ బండలే. వాటి నీడలో ఆడుకునేవాళ్లం. ఎండలో కళ్లు మూతలు పడుతుంటే ఆ బండలు మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు అనిపించేది.

అలా చూస్తూ చూస్తూ అక్క బండ రాక్షసిని కనిపెట్టింది. దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది. దగ్గరికి వెళ్తే లేస్తుంది.

లేచి ఒక్క దెబ్బకు మా అందరినీ చంపేసింది! ఆటలో నా పాత్ర వీరమణి చచ్చిపోయిందని నేను అన్నం మానేసి ఏడ్చాను.

అక్క పరేషాన్ అయింది. "ఎవ్వలికి గెల్వరాకుంటే ఆటేముంటదే? అన్యాయమైతది."

బలం తగ్గించి చూసింది. మరీ పిల్లిపిల్ల అయిపోయింది. చివరికి బలం అలాగే ఉంచి, జోల పాడితే నిద్రపోతుందని రూల్ పెట్టింది.

"అబ్బో, ఇంత ఈజీనా?" అన్నాను.

"ఆగవే పిల్లా! పాడేటోల్లు కత్తి పట్టొద్దు. పడితే పాట ఆగుతది, అది లేస్తది. అందరు దాటినంక ఆఖర్ల దాటాలె."

అప్పుడు కుదిరింది ఆట. పాడే పని ఎప్పుడూ నాకే పడేది. కత్తి ఇవ్వరని నాకు ఒళ్లు మండేది.

మొన్న దవాఖానలో అక్కకు నొప్పి. కన్ను మూతపడటం లేదు. నేనేమో రిపోర్టులు పట్టుకుని డాక్టర్ల వెంట, సెకండ్ ఒపీనియన్ అంటూ ఫోన్ల వెంట ఒకటే పరుగు.

అక్క నన్ను పిలిచింది.

"ఏందే గీ ఉరుకుడు? జర కత్తి కింద పెట్టు. కూసొని పాడు. నేను దాటుత."

ఫైల్ పక్కన పెట్టి, కూర్చుని పాడాను. మధ్యలో ఆపలేదు. అక్క నిద్రపోయింది.

నువ్వు దాటేశావు అక్కా. ఇక ఏ నొప్పీ లేవకూడదు, హాయిగా పడుకో.

నా వంతు వచ్చేదాకా నేను పాడుతూనే ఉంటాను.