తగిలించి ఉన్న చెప్పుల సంచి

కలీపాకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల టీచరు చెప్పింది: "రేపు నీకు జ్వరం. బడికి రావద్దు."

కలీపాకు జ్వరం లేదు. ఎడమ చెవి వినబడదు, అంతే. మర్నాడు జిల్లా నుంచి పెద్దలొచ్చి వెనక బెంచీల్లో కూర్చుని పాఠం చూస్తారు. మా నారిన్ కొండల వైపు దాన్ని తెరిచిన పాఠం అంటాం. వాళ్లు ఒకటి అడిగితే ఈ పిల్ల ఇంకొకటి చెబుతుంది, క్లాసు పరువు పోతుందని టీచరు భయం. ఇంట్లో ఈ సంగతి చెప్పుకోలేక ఆమె రోజూలాగే తెల్ల రిబ్బన్లు కట్టుకుని బయల్దేరి, గడ్డివామి వెనక కూర్చుని, ఆఖరి గంట విన్నాక ఇంటికెళ్లింది. చదువయ్యేదాకా ఎన్ని తెరిచిన పాఠాలు జరిగాయో అన్నిసార్లూ ఆమెకు జ్వరమే. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

ఇదంతా నాకు నలభై ఏళ్ల తర్వాత తెలిసింది, సరిగ్గా అదే తప్పు నేను చేసిన రోజున.

అప్పటికి ఆమె కలీపా ఎజె. ఎజె అంటే అక్క, మా వైపు అందరికీ ఆమె అక్కే. కొండ ఊళ్ల బళ్లన్నీ తిరిగి మాలాంటి టీచర్లకు శిక్షణ ఇచ్చేది. పాఠాన్ని వాగు దగ్గరికి, గొర్రెల మంద దగ్గరికి ఎలా తీసుకెళ్లాలో, చూపు లేని పిల్ల మాచిపత్రిని వాసనతో ఎలా పట్టేస్తుందో చేసి చూపించేది. ఆమె సంచీలో రాళ్లు, ఈకలు, ఉన్ని ముద్దలు. "రాళ్ల ఎజె వస్తోంది, ఇవాళ మనకీ బరువులే" అని నవ్వుకునేవాళ్లం.

భోజనం దగ్గర ఆమెను పెద్దపీట మీద, గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టి మంచి మాంసం ముక్క ముందు పెట్టేవాళ్లం. ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు ఏదైనా అడిగితే చిన్నగా నవ్వి తన మానాన తను తినేది. "పట్నం మనిషి కదా, మనతో ఏం మాట్లాడుతుందిలే" అనుకునేవాళ్లం. ఎక్కడికెళ్లినా ఇదే మర్యాద, ఇదే మాట. తిరిగి తిరిగి ఆమె చేరేది నారిన్ పట్నంలో ఒంటి గదికి.

ఆ మే నెలలో మా బడికి వస్తోందని హెడ్మాస్టర్ ఎసెన్‌గుల్ బైకె, మా మాటలో ఎసెన్‌గుల్ అన్న, చెట్ల మొదళ్లకు సున్నం వేయించాడు. నా క్లాసులో అక్మరల్ అని ఎనిమిదేళ్ల పిల్ల ఉండేది. చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది. ముందురోజు నేనే దగ్గరికి పిలిచి చెప్పాను: "రేపు నీకు జ్వరం, తల్లీ."

అతిథి వచ్చేటప్పుడు చిరుగులు దాచడం మాకు మర్యాద. ఆ అతిథి వస్తున్నదే అలాంటి పిల్లల్ని క్లాసులో ఎలా కలుపుకోవాలో నేర్పడానికి అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మా పిల్లలు గుమ్మం దగ్గర బూట్లు విప్పి, సంచిలోంచి లోపలి చెప్పులు తీసి వేసుకుంటారు. చెప్పుల సంచులు వరండాలో కొక్కేలకు ఉంటాయి. క్లాసు మొదలైతే అన్నీ ఖాళీగా వేలాడాలి. ఒకటి మాత్రం నిండుగా ఉంది. కలీపా ఎజె దాని దగ్గర ఆగింది.

"ఇదెవరిదమ్మా?"

"అక్మరల్‌ది, ఎజె. జ్వరం."

"ఎంతుంది?"

నా బదులు హెడ్మాస్టర్ అందుకున్నాడు. "కొండ గాలి కదా ఎజె, పసివాళ్లు..."

"గాలిని ఎందుకంటావులే బైకె. అతిథులొస్తేనే వచ్చే జ్వరం ఇది." సంచి చేతిలోకి తీసుకుంది. "బడి మనకు కనబడాలి, మనం బడికి కనబడకూడదు. అలాంటి చోటు మీ ఊళ్లో ఎక్కడుంది?"

"దాగుడుమూతలా ఎజె?" అని ఆయన నవ్వాడు.

"వాగు పక్కన పాత దొడ్డి!" అన్నారు పిల్లలు.

ఆమె నడిచింది. వెనకే క్లాసంతా. "పాఠం ఇక్కడ కదా ఎజే! సున్నం కూడా వేయించాను!" అని హెడ్మాస్టర్ అరుస్తూనే ఉన్నాడు.

కూలిన గోడ వెనక అక్మరల్ కూర్చుని ఉంది, తెల్ల రిబ్బన్లతో. నన్ను చూసి బెదిరిపోయింది. "ఇంకా తగ్గలేదు టీచర్" అంది.

కలీపా ఎజె తడి నేల మీదే కూర్చుంది. "ఇటు కుడివైపుకి రామ్మా, ఎడమ చెవి వినబడదు నాకు. నేనూ ఇలాంటి చోట్ల చాలా కూర్చున్నాలే. నాదీ జ్వరమే." గడ్డివామి సంగతంతా చెప్పి, తర్వాత అడిగింది, "ఇంతసేపూ ఏం చూశావు?"

అక్మరల్ నీళ్లలో ఒక రాయి తిప్పింది. దాని అడుగున ఇసుక రేణువులతో ఇళ్లు కట్టుకున్న పురుగులు. చెయ్యి వణికి నీళ్లు అందరి మీదా చిందాయి. "రాయి నేను పట్టుకుంటా, నువ్వు చూపించు" అంది అక్మరల్ పక్క బెంచీ పిల్ల. ఆ రోజు పాఠం అదే.

పాఠం జరగలేదని హెడ్మాస్టర్ పైఅధికారులకు రాశాడు. మా బడి ఆమెను మళ్లీ పిలవలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె రోడ్డు మీద ఒక్కతే టాక్సీ కోసం నిలబడింది, కుడి చెవి రోడ్డు వైపు పెట్టి. సాగనంపడానికి ఎవరూ రాలేదు. నేను వెళ్లి వెనక నుంచి, ఎడమవైపు నిలబడి, "క్షమించు ఎజె" అన్నాను. తిరగలేదు. రెండడుగులు వేసి అటు పక్కకి వెళితే వినబడేది. ధైర్యం చాలలేదు. టాక్సీ వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

చలికాలం ముందు మళ్లీ తెరిచిన పాఠం వచ్చింది. "ఒక్క రోజేగా, ఆ పిల్లని..." అని మొదలుపెట్టాడు హెడ్మాస్టర్. "అయితే ఆ రోజు నాకూ జ్వరమే బైకె" అన్నాను. అక్మరల్ మొదటి బెంచీలో కూర్చుంది.

ఇది చదివేవాళ్లలో టీచర్లుంటారు, తనిఖీకి వెళ్లేవాళ్లుంటారు, పిల్లల్ని బడి దగ్గర దింపేవాళ్లుంటారు. ఈసారి వెళ్లినప్పుడు గోడల రంగు చూడకండి. రాని పిల్లల పేర్లు అడగండి. జ్వరం అంటే ఇంటికెళ్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంట్లో లేకపోతే బడి కనబడే చోట వెతకండి.

కలీపా ఎజె ఎప్పుడైనా మీ బడికొస్తే, భోజనం దగ్గర ఆమె కుడిపక్కన కూర్చోండి.