ఎడమ కంటి బెల్లం రంగు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ తెలుగింట్లో పట్టుచీర మీదికి జాకెట్టు గుడ్డ కావలసివచ్చినా ముందు దమయంతికే ఫోన్ చేసేవారు. మ్యాచింగ్ విషయంలో ఆవిడ మాటకు తిరుగులేదు. ఎందుకుంటుంది? ఇరవై ఆరేళ్ళు కార్ల రంగులు కలిపే చోట ఆవిడ చేసిన ఉద్యోగమే అది. తలుపు ఒక చోట తయారవుతుంది, బంపర్ ఇంకో చోట. రెండూ తెలుపే. పక్కపక్కన పెట్టి ఎండలోకి తెస్తే మాత్రం ఒకటి పాలలాగా, ఒకటి మజ్జిగలాగా కనిపిస్తాయి. ఆ తేడా పట్టుకుని, ఏ రంగు ఎన్ని చుక్కలు వేస్తే అది పోతుందో చెప్పడం దమయంతి పని. యంత్రాలు లేకపోలేదు. కానీ యంత్రం సరేనన్నా దమయంతి ఊఁ అనేదాకా డబ్బాకు మూత పడేది కాదు. ఆ గర్వం ఆవిడకు కాస్త ఎక్కువేనని గిట్టనివాళ్ళు అనేవారు, గిట్టేవాళ్ళు కూడా అనేవారు.

రిటైరయ్యాక ఆవిడ చేతులు ఊరుకోలేదు. కమ్యూనిటీ సెంటర్‌లో గ్యారీ అనే పెద్దాయన చెక్కతో విల్లులు చేయడం నేర్పుతుంటే వెళ్ళి చేరింది. "ఈ వయసులో వేటకెళ్తావా ఏంటి?" అని భర్త కృష్ణమూర్తి పడీపడీ నవ్వాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఓక్ పలకను ఆర్నెల్లు చిత్రిక పట్టి, విల్లు రెండు కొసలూ ఒక్క తీరున వంగేదాకా గీకి, నూనె రాసి, గరాజ్ గోడకు తగిలించింది. అది బెల్లం రంగులో ఉంది. కొత్తబెల్లం కాదు, డబ్బా అడుగున ఏడాదిపాటు నిలవున్న పాతబెల్లం. పొద్దున్నే గరాజ్ తలుపెత్తి, కాఫీ పట్టుకుని ఆ రంగును చూస్తూ కూర్చుంటే ఆవిడకు టైము తెలిసేది కాదు. మూడేళ్ళు అలా గడిచాయి. అలారం లేదు, మీటింగుల్లేవు, కూతురు స్మృతి తన కాళ్ళమీద తాను నిలబడింది. బతుకులో ఇంతకంటే హాయి ఆవిడ ఎరగదు.

అంతలో రోడ్డు మీద బోర్డులు అలుక్కుపోవడం మొదలైంది. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయనీ, ముందు కుడి కంటికీ, రెండు వారాలాగి ఎడమ కంటికీ ఆపరేషన్ చేస్తామనీ డాక్టర్ చెప్పింది.

కుడి కంటి కట్టు విప్పిన రోజున దమయంతి ఆకాశం చూసి నిలబడిపోయింది. నీలం ఇంత నీలంగా ఉంటుందా! కారెక్కుతూ భర్త ముఖం చూసింది. ఈయన ఇంత ముసలివాడు ఎప్పుడయ్యాడు? బుగ్గల మీద ఈ మచ్చలెక్కడివి? ఇంటికి వచ్చి తిన్నగా గరాజ్‌లోకి వెళ్ళింది. అక్కడ గోడ మీద ఎవరో విల్లు మార్చేసినట్టుంది. పాలిపోయి, పచ్చి చెక్కలా తెల్లగా ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూసింది. పాతబెల్లం. ఎడమ కన్ను మూసింది. పచ్చి చెక్క.

మర్నాడు చెకప్‌లో అడిగితే డాక్టర్ నవ్వేసింది. ముదిరిన శుక్లం గోధుమరంగుకు తిరుగుతుందట, ఇన్నేళ్ళూ ఆవిడ టీ గ్లాసులోంచి లోకాన్ని చూసిందట. దమయంతికి నవ్వు రాలేదు. ఉద్యోగం చివరి రోజుల్లో తను ఊఁ కొట్టిన బంపర్లు ఎన్ని ఏ రోడ్ల మీద తిరుగుతున్నాయో అని కాసేపు సిగ్గుపడింది. ఆ సిగ్గు పోయాక అసలు దిగులు పట్టుకుంది. ఆ బెల్లం రంగు లోకంలో లేదు. ఉన్నదల్లా తన ఎడమ కంట్లోనే. రెండు వారాల్లో దాన్ని తీసి పారేస్తారు. ఆ తర్వాత ఆ మూడేళ్ళ పొద్దుటి పూటల్ని మళ్ళీ చూడాలంటే ఎక్కడా దొరకవు.

ఏడుస్తూ కూర్చునే మనిషైతే ఇంత కథ ఉండేది కాదు. పోయే రంగుకు మ్యాచింగ్ తయారు చెయ్యాలని దమయంతి నిశ్చయించుకుంది. అదే పలకలోంచి తీసిన రెండో విల్లు, ఇంకా రంగూ నూనే తగలనిది, గరాజ్‌లో సిద్ధంగా ఉంది. ఎడమ కంటికి పాత విల్లు ఎలా కనిపిస్తోందో, కుడి కంటికి కొత్త విల్లు అచ్చం అలాగే కనిపించాలి. రంగు పూస్తే పని జరగదు, వంగే చెక్క మీద పూత నిలవదు, పగులుతుంది. రంగు చెక్క లోపలినుంచే రావాలి. దానికో ఉపాయం గ్యారీ ఎప్పుడో చెప్పాడు. ఓక్‌లో వగరు ఉంటుంది. అరటికాయ తరిగితే చేతులు నల్లబడవూ, అలాంటి వగరు. దానికి అమ్మోనియా ఆవిరి పట్టిస్తే చెక్క తనంతట తానే నల్లబడుతుంది. ఎంతసేపు ఉంచితే అంత ముదురుతుంది. ముదిరినది మాత్రం వెనక్కి రాదు.

కొత్త కంటికి ఏ ఘాటూ తగలకూడదని డాక్టర్ ఖచ్చితంగా చెప్పింది కాబట్టి పని కృష్ణమూర్తి నెత్తిన పడింది. ఆయన మాస్కూ గాగుల్సూ తగిలించుకుని, గరాజ్‌లో ప్లాస్టిక్ షీటుతో డేరా కట్టి, లోపల విల్లు వేలాడదీసి, కింద ప్లాస్టిక్ ట్రేలో అమ్మోనియా పోశాడు.

"అబ్బబ్బ, పసిపిల్లల పక్కబట్టల కంపే! వీధి చివరిదాకా వెళ్తోంది, కాలనీ అసోసియేషన్ వాళ్ళు లెటర్ పంపిస్తారు చూడు," అన్నాడు.

"పంపిస్తే చదువుకుందాం లెండి. షీటు సరిగ్గా మూయండి ముందు," అంది దమయంతి. తనూ గాగుల్స్ పెట్టుకుని దూరంగా, మేపుల్ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

అక్టోబరు కావడంతో ఆకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఎడమ కంటితో చూస్తే చెట్టంతా సాయంత్రం, కుడి కంటితో చూస్తే అదే చెట్టు అప్పుడే తెల్లవారినట్టు. అరచెయ్యి ఈ కంటి మీదినుంచి ఆ కంటి మీదికి మారుస్తూ కూర్చుంటే, తను ఏ పూటలో ఉందో ఆవిడకు అంతుపట్టేది కాదు. రాలే ఆకు ఒకటి పైన రాగిరంగులో బయల్దేరేది, చెయ్యి మారేసరికి నిప్పులా ఎర్రగా నేల మీద వాలేది. గరాజ్‌లో తిరుగుతున్న మొగుడు ఈ కంటికి పెళ్ళినాటి పచ్చటి మనిషి, ఆ కంటికి తలపండిన తాతగారు. ఇద్దరూ తనవాళ్ళే. ఒకరిని ఇంకొన్ని రోజుల్లో సాగనంపాలి. ఆ మాట అనుకోగానే గాగుల్స్ లోపల తడి కమ్మింది.

రోజుకు రెండుసార్లు కృష్ణమూర్తి విల్లు బయటికి తీసి, గాలికి ఆరనిచ్చి, కొసన కాస్త తడిగుడ్డతో తుడిచి తెచ్చేవాడు. తడిస్తే చెక్క నూనె రాసినప్పటి రంగు చూపిస్తుంది. పాత విల్లు పక్కన పెట్టి దమయంతి దాన్ని ఎడమ కంటితో, దీన్ని కుడి కంటితో చూసేది.

"ఇంకా ఉండాలి."

"ఇంకానా! అయిపోయింది కదే," అనేవాడు ఆయన రెండో రోజు.

"కాలేదండీ. ఇది కొత్తబెల్లం."

"మాడిపోయిందే బాబూ, తీసేద్దాం," అన్నాడు మూడో రోజు.

"మ్యాచింగ్ ఎవరి పని? మీదా నాదా?" అంటే ఆయన నోరు మూసుకుని షీటు మూసేవాడు.

ఎడమ కంటి ఆపరేషన్ రేపనగా, మధ్యాహ్నం విల్లు మళ్ళీ బయటికి వచ్చింది. దమయంతి ఎడమ కంటితో పాత విల్లు చూసింది. చెయ్యి మార్చి కుడి కంటితో కొత్తది చూసింది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. ఎండలో చూసింది, నీడలో చూసింది, గరాజ్ ట్యూబులైటు కింద చూసింది. మారుతున్నది చెయ్యే గాని రంగు మారడం లేదు. "వచ్చేసిందండీ," అని మాత్రం అనగలిగింది. ఇరవై ఆరేళ్ళలో ఏ డబ్బాకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కృష్ణమూర్తి ఏం చెయ్యాలో తెలియక విల్లుకు నూనె రాస్తూ నిలబడ్డాడు.

రెండో కట్టు కూడా విప్పాక ఆవిడ గరాజ్‌లోకి వెళ్ళి రెండు కళ్ళూ బార్లా తెరిచి చూసింది. పాత విల్లు పాలిపోయి ఉంది. దాని పక్కన కొత్త విల్లు పాతబెల్లంలా, ఆ మూడేళ్ళ పొద్దులా, చెక్కుచెదరకుండా ఉంది. ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు.

కృష్ణమూర్తి కాఫీ తెచ్చి చేతికిచ్చాడు. "ఏమనుకోకు గానీ, దమయంతీ, ఒక మాట చెప్పనా? కొత్తది బొగ్గులా తయారైంది. నువ్వు బెల్లం బెల్లం అని కలవరించిన రంగు పాతదానికే ఉంది, అచ్చం అదే."

దమయంతి గోడవైపు తిరిగింది. మ్యాచింగ్ తప్పిందా? మళ్ళీ చూసింది. తప్పలేదు. పక్కనున్న టిష్యూ కాగితం లాగి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఏ రంగండీ?"

"ఇదేం పరీక్షే? క్రీమ్ కలర్."

అది పాలలా తెల్లగా ఉంది. ఆవిడ ఆయన కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది, "మరి నేనెలా ఉన్నాను?"

కొత్త కళ్ళతో ఆ పొద్దున అద్దంలో తన ముఖం ఎలా ఉందో దమయంతికి తెలుసు. ఆయనకు తెలియదు. "నీకేంటి, బంగారంలా ఉన్నావు," అన్నాడు నవ్వుతూ, ఎప్పుడూ అనే మాటే.

ఆయన లోపలికి వెళ్ళాక ఆవిడ కంటి క్లినిక్‌కి ఫోన్ చేసింది. మా ఆయనకు కూడా శుక్లాలున్నట్టున్నాయి, అపాయింట్‌మెంట్ కావాలంది. ఈ గురువారం ఒకటి ఖాళీ ఉంది, అది కాకపోతే మూడు వారాల తర్వాతే అంది అవతలి అమ్మాయి. దమయంతి చేతిలో కాఫీ చల్లారిపోతోంది. మూడు వారాల తర్వాతిదే బుక్ చెయ్యమంది. అప్పటిదాకా కారు మాత్రం తనే నడపాలని అనుకుని, తాళాలు తీసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.