నేను కడగని తుపాకీ

మా వైపు ఎవరికైనా కొత్తగా తుపాకీ లైసెన్సు వచ్చిందంటే ముందు నా దగ్గరికే పంపిస్తారు. "విలాయతిదాని జోలికి పోకు, మన దేశంల తయారైందే మంచిగుంటది, కావాల్నంటే గాయన్నడుగు" అని. నేనూ పెద్దమనిషిలా తలూపుతాను. అవునంటాను. చాయ్ తాగించి పంపిస్తాను. వాళ్లు గేటు దాటాక నా చాయ్ పారబోస్తాను. ఏళ్లుగా ఇదే వరస. దేశీ రైఫిల్ సంగతిలో నాకున్న ఈ మంచి పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకొక్కడికే తెలుసు. ఒక్కడికే తెలియడం ఎంత బరువో మోసినవాడికి గాని అర్థం కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది మంథని అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఊరు. మక్క వేసినా వరి వేసినా అడవిపందులు తిన్నాక మిగిలిందే మాది. పంచాయతీ అడిగితే అటవీ శాఖ వాళ్లు పందులను కాల్చడానికి పర్మిషన్ ఇస్తారు. కాల్చే మనిషికి లైసెన్సు తుపాకీ ఉండాలి. మా చుట్టుపక్కల అలాంటివాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. నేను, సమ్మయ్య బావ.

బావ నాకు రెండు విధాలా బావ. నన్ను కన్న అవ్వ తమ్ముడి కొడుకు, మా చెల్లె పద్మ భర్త. మా ఇద్దరికీ తుపాకీ పట్టడం నేర్పింది బావ తండ్రి, మా మామే. ఒకే చెరువు గట్టు వెనక, ఒకే మట్టి దిబ్బ మీద గురి పెట్టించాడు. గురి నాకే తొందరగా కుదిరిందని అప్పట్లో మామే అన్నాడు. ఆ ఒక్క మాటను నేను ఎంతకాలం దాచుకు తిన్నానో చెబితే నవ్వుతారు.

మామ దగ్గర ఒక విలాయతి రైఫిల్ ఉండేది. ఎవరో అటవీ ఆఫీసరు ఉద్యోగం ముగించుకుని పోతూ పోతూ మామ తండ్రికి అమ్మిపోయాడట. దాని కర్ర ముదురు తేనె రంగు. గొట్టం మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. మామకు చదువు రాదు, అయినా వచ్చిన ప్రతివాడికీ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపించేవాడు. మామకు చూపు తగ్గాక అది బావ లైసెన్సు మీదికి మారింది. కొడుక్కి కాక మేనల్లుడికి ఇస్తాడా? ఇవ్వడని నాకూ తెలుసు. తెలిసినా కడుపు మండింది.

నేను మన సర్కారు ఫ్యాక్టరీలో తయారైన రైఫిల్ కొనుక్కున్నాను. తూటాలు తేలిగ్గా దొరుకుతాయి, రిపేరుకు పరేషాన్ ఉండదు, మనది మనం కొనాలి అని ఊరంతా చెప్పుకున్నాను. అవన్నీ నిజాలే. కానీ నేను దాన్ని ఆ నిజాల కోసం కొనలేదు. ఆ విలాయతిది నాకు దక్కదు కాబట్టి కొన్నాను.

పందులను కాల్చడానికి ఇద్దరం కలిసే పోయేవాళ్లం. వచ్చిన ఆఫీసర్లు నేరుగా బావ దగ్గరికి పోయి, "ఒక్కసారి పట్టుకుని చూడొచ్చా" అని అడిగేవాళ్లు. నా రైఫిల్‌ను ఎవరూ అడగలేదు. ఒకసారి పేపరువాళ్లు ఫోటో తీశారు. బావ నిలబడ్డాడు, తుపాకీ నిలబడింది, చచ్చిన పంది కూడా చక్కగా పడింది. నాది మోచేయి పడింది. ఆ పందిని కొట్టింది నేను. బావ పేపరువాళ్లకు ఆ మాట చెప్పాడు కూడా, పాపం. వాళ్లు రాయలేదు. బావ మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక్క సాకు కూడా మిగల్చకపోవడం ఆయన అలవాటు.

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి. అయిపోయాక తిరిగి ఇస్తారు. ఆ ఏడు రేపు ఆఖరు రోజు అనగా, సాయంత్రం బావ మక్క చేను దగ్గర పందిని కాల్చాడు. అప్పుడే పద్మకు నొప్పులు మొదలయ్యాయి. బావ తుపాకీ పట్టుకుని నేరుగా మా ఇంటికి ఉరికొచ్చాడు. పద్మను కరీంనగర్ తీసుకుపోతున్నానని, తుపాకీ జర కడిగిపెట్టమని, పొద్దున వచ్చేస్తానని, ఇద్దరం కలిసి స్టేషన్‌కు పోదామని చెప్పి వెళ్లిపోయాడు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. తుపాకీని నీళ్లతో కడగడమేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. ఆ విలాయతి తుపాకీకి దొరికేవన్నీ పాత తూటాలు. అవి పేలితే గొట్టంలో ఉప్పులాంటి మడ్డి మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే గొట్టాన్ని లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. అది నూనెకు పోదు. మరిగే నీళ్లు పోస్తేనే పోతుంది. తర్వాత గుడ్డ చుట్టిన చువ్వతో తడి లేకుండా తుడిచి, కుట్టుమిషన్ నూనె పట్టించాలి. అందుకే మామ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. అడవి నుంచి వచ్చాక ముందు తుపాకీకి స్నానం, తర్వాతే మనిషికి. కాల్చినవాడే కడగాలి, ఇంకొకరికి అప్పజెప్పకూడదు. బావ ఆ కట్టుబాటు తప్పింది ఆ ఒక్క సాయంత్రమే. నా చెల్లె కోసం తప్పాడు.

నేను పొయ్యి మీద నీళ్లు పెట్టాను. నీళ్లు కాగేదాకా తుపాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. భుజానికి ఆనించి చూశాను. ఎంత బాగా ఆనిందో! నాకోసమే చేసినట్టుంది. ఇది నాది కాదు, ఎప్పటికీ కాదు అనుకున్నాను. నీళ్లు మరిగాయి. ఆ నీళ్లు బకెట్‌లో పోసుకుని, చన్నీళ్లు కలుపుకుని, నేను స్నానం చేశాను.

మరిచిపోయానా? లేదు. బద్ధకమా? అదీ కాదు. స్నానం చేసి వచ్చి తుపాకీకి పైపైన నూనె రాసి, కర్రంతా మెరిసేలా తుడిచాను. లోపల ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. చూసేవాడికి అనుమానం రాకుండా బయట మెరిపించినవాడు, లోపల ఏమవుతుందో తెలియక చేశానంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. నమ్మాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను.

పొద్దున బావ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. ఆడపిల్ల పుట్టిందని నా నోట్లో దూద్‌పేడా కుక్కాడు. బండి ఎక్కబోతూ అడిగాడు.

"కడిగినవా?"

"కడిగిన బావా. నూనె గూడ పట్టిచ్చిన."

"నువ్వున్నవ్ గనుక నా పానం నిమ్మళమైంది బామ్మర్దీ," అన్నాడు. పేడా తీపి ఇంకా నా నాలుక మీదే ఉంది.

ఆ ఏడు ఎలక్షన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వానలు బాగా ముదిరేదాకా తుపాకులు చేతికి రాలేదు. మధ్యలో స్టేషన్‌కు పోయి అడిగితే, ఎవరి తుపాకీకి వాళ్లు నూనె రాసుకోనిచ్చేవాళ్లు. నేను పోయాను. నా దానికి రాసుకున్నాను. పక్కనే బావది ఉంది. చేయి చాపితే అందుతుంది. బావ పసిపిల్లతో, ఆస్పత్రులతో తిరుగుతున్నాడు. కడిగిన తుపాకీయే కదా అని ధీమాగా ఉన్నాడు. నా గుడ్డకు ఇంకా నూనె ఉంది. మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

తుపాకులు తెచ్చుకున్న రోజు మామ వాకిట్లోకి వచ్చాడు. చూపు సరిగా ఆనకపోయినా గొట్టాన్ని ఎండకేసి పట్టి, కన్ను పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత తెల్ల గుడ్డ చుట్టిన చువ్వ దూర్చి లాగాడు. గుడ్డ ఇటుక రంగులో వచ్చింది.

"కాల్చినంక కడిగినవారా?" అన్నాడు కొడుకుతో.

బావ నావైపు చూడను కూడా చూడలేదు. "మర్చిపోయిన బాపూ," అన్నాడు.

నా పేరు చెప్పలేదు. నా చేతితో ఏదో పొరపాటు జరిగి ఉంటుందనుకున్నాడేమో. ఇంకొకరికి ఇవ్వడమే తన తప్పనుకున్నాడేమో. నేనెప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను అక్కడే, పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది?

కరీంనగర్‌లో తుపాకుల షాపుకు ఇద్దరం పోయాం. షాపాయన పైపైన తుప్పే ఎక్కువ, రుద్ది చూద్దాం, గురి కొంత తగ్గినా పనికిరావచ్చు, వదిలిపోండి అన్నాడు. బావకు ఆశ కలిగింది. నేను ఆయన్ను షాపు బయటికి తీసుకొచ్చి, అవి గిరాకీ కోసం చెప్పే మాటలన్నాను. గొట్టం పగిలి మొహం మీదికి వస్తే పద్మ గతేమిటి, పసిపిల్ల గతేమిటి అన్నాను. నా చెల్లెను, అప్పుడే పుట్టిన మేనకోడలిని అడ్డం పెట్టుకున్నాను. మనవాళ్లు చేసింది తీసుకో బావా, నా దాన్ని చూడు, అన్ని నెలలు స్టేషన్‌లో ఉన్నా చెక్కుచెదరలేదు అన్నాను. బావ లోపలికి పోయి విలాయతిది వాళ్లకే ఇచ్చేసి, దేశీ రైఫిల్ తీసుకున్నాడు.

ఆ రోజు బస్సులో నేను ఎంత తేలిగ్గా ఉన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెద్దపల్లి దాటేదాకా ఈల వేస్తూనే ఉన్నాను.

ఇక ఇద్దరం సమానం. ఒకే ఫ్యాక్టరీ, ఒకే రకం. బావ అంతటివాడి చేత విలాయతిది మాన్పించానని దేశీ రైఫిల్ సంగతిలో నాకు పేరూ వచ్చింది. కొన్నాళ్లకు పర్మిషన్ వచ్చి మక్క చేనుకు పోయాం. పొద్దుగూకే ముందు ఒక పెద్ద పంది గట్టు దాటింది. ముందు నేను కాల్చాను. తప్పింది. అది పరుగందుకుంది. బావ ఊపిరి బిగబట్టి, కొత్త రైఫిల్‌తో, ఒక్కటే కాల్చాడు. పంది అక్కడే కూలింది. చుట్టూ ఉన్న రైతులు కేక పెట్టారు. "సమ్మన్నా, తుపాకీ ఏదైతేంది, చెయ్యి నీది!" అన్నాడొకాయన. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా. మరి నేను ఇన్నాళ్లూ కుళ్లుకున్నది దేన్ని చూసి? ఆ తుపాకీ లేకుండా పోతే నేను పెద్దవాణ్ణవుతాననే కదా? అది పోయింది. నేను నా ఎత్తే ఉన్నాను.

కానీ అసలు పాపం అది కాదు. అసలుది మామ సంగతి.

మామ కొడుకుతో మాటలు మానేశాడు. అరవలేదు, తిట్టలేదు. బావ ఎదురొస్తే మొహం తిప్పుకునేవాడు, అంతే. ఏమన్నా కావాలంటే నన్ను పిలిపించేవాడు. ఒకరోజు నా చేయి పట్టుకుని, "నీ చేతికిచ్చినా బాగుండురా అల్లుడా. నువ్వయితే కడుగుతుంటివి," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మనిషి నోట నేను వినాలనుకున్న మాట అది. నేను సిగ్గుతో కుంగిపోయానని రాస్తే మీకు నామీద జాలి కలుగుతుంది. కుంగిపోలేదు. సంతోషపడ్డాను. వాకిట్లో బావ గడ్డి మోపు దించుతున్నాడు. ఆ మాట ఆయనకు వినబడిందని నాకు తెలుసు. వినబడినందుకు ఇంకొంచెం సంతోషపడ్డాను.

చలికాలంలో మామ మంచం పట్టాడు. చివరి రోజుల్లో నీళ్లు కూడా నా చేతితోనే తాగేవాడు. బావ గ్లాసు నింపి తెచ్చి గుమ్మం దగ్గర నా చేతికిచ్చి, తను తలుపు చాటున నిలబడేవాడు. నేను లోపలికి పోయి తాగించేవాణ్ణి. నీళ్లు తెచ్చింది కొడుకని మామకు తెలియదు. చెప్పొచ్చు. "మామా, తప్పు నాది" అని ఒక్క మాట అంటే తండ్రీ కొడుకులు కలిసిపోయేవాళ్లు. రేపు చెబుదాం, కొంచెం కోలుకున్నాక చెబుదాం అనుకున్నాను. కోలుకోడని డాక్టరు చెప్పాక కూడా అలాగే అనుకున్నాను. మామ పోయాడు. బావ తండ్రి కాళ్ల మీద పడి "బాపూ, మర్చిపోయిన, మాఫ్ చెయ్యే," అని ఏడ్చాడు. తను చేయని తప్పుకు. నేను పక్కనే నిలబడి ఆయన వీపు నిమిరాను.

ఇప్పుడు బావతో చెప్పొచ్చు కదా అంటారు. ఆనాడు పుట్టిన పిల్ల బడికి పోతోంది, దారిలో కనిపిస్తే మామా అని ఉరికొస్తుంది. ప్రతి ఏడూ అనుకుంటూనే ఉన్నాను. మొన్న కూడా ఇద్దరం మంథనిలో గోదావరి ఒడ్డున కూర్చున్నాం. నోటిదాకా వచ్చి ఆగింది. ఆగింది భయంతో కాదు. కొడతాడనీ కాదు, పద్మను పుట్టింటికి రానివ్వడనీ కాదు. చెబితే ఆయనేం చేస్తాడో నాకు బాగా తెలుసు. "పోనీ తియ్ బామ్మర్దీ, అయ్యిందేదో అయ్యింది," అంటాడు. నిజంగానే అంటాడు, మనసులో ఏమీ ఉంచుకోడు. అంత పెద్ద మనసు నా ఎదురుగా కూర్చుని నన్ను క్షమిస్తుంటే, నేను దాన్ని చూసి కూడా ఓర్వలేను. ఇన్నేళ్ల తర్వాత, ఇంత జరిగాక కూడా, నాలో ఆ మంట అలాగే ఉంది.

అందుకే ఆయనకు చెప్పలేదు. మీకు చెప్పాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. మీరు మాత్రం "పోనీ తియ్" అనకండి.