సమాయిల్ నుంచి ఒక వంటిల్లు

ఖాజాబీ చేతి పప్పు తిన్నవాళ్ళు ఒమాన్ దేశంలోని సమాయిల్‌లో చాలామందే ఉన్నారు. ఖర్జూర తోటల మధ్య ఒక ఒమానీ కుటుంబం ఇంట్లో ఆమె వంటమనిషి. ఆ ఇంటి పెద్దావిడను అందరూ ‘మామా’ అనే పిలుస్తారు, అరబ్బీలో అమ్మ అని. మామాది పెద్ద చెయ్యి. తోటలో గోడ కట్టడానికో, కాలువ బాగుచేయడానికో వచ్చిన కూలీలకు కూడా ఆ ఇంటి పొయ్యి మీద వండిన అన్నమే వెళ్తుంది.

ఖాజాబీకి వంట నేర్పింది మాత్రం ఆకలి. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. వానలు మొహం చాటేసి వేరుశనగ వరసగా ఎండిపోయిన కాలంలో భర్త జ్వరంతో పోయాడు. చంకలో చంటిది, ఫర్జానా. కూలి దొరికిననాడు పొయ్యి వెలిగేది, దొరకనినాడు ఇద్దరూ నీళ్ళు తాగి పడుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో రాజేశ్వరి అని ఒక అంగన్‌వాడీ టీచరమ్మ ఉండేది. ఉద్యోగం మానేశాక నలుగురు ఆడవాళ్ళను కూడగట్టి, ఒక రేకుల పాకలో గంజి కేంద్రం పెట్టింది. ముసలివాళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళకు, బాలింతలకు మధ్యాహ్నం పూట సంగటి, పప్పు. దానికి ఓ బోర్డు కూడా లేదు.

అడుక్కు తినడానికి పోతున్నట్టనిపించి ఖాజాబీకి అక్కడికి కాళ్ళు రాలేదు. చివరికి ఒకరోజు బిడ్డ ఏడుపు తట్టుకోలేక పోయింది. పోయి కూడా గోడ పక్కన నక్కి నిలబడింది. టీచరమ్మ చూసింది. గిన్నె ఇవ్వకుండా తెడ్డు తెచ్చి చేతిలో పెట్టింది.

“సంగటి అడుగంటేట్టుండాది, రవ్వంత తిప్పు మా. నా చేతులు పడిపోయినాయి.”

ఖాజాబీ తిప్పింది. వడ్డించింది. తర్వాత అందరితో పాటు కూర్చుని, బిడ్డకు తినిపించి తనూ తింది. చెయ్యి చాచిన బాధ లేకుండా కడుపు నిండింది. మర్నాడు పిలవకుండానే పోయింది. ఊరంతటికీ సరిపడా వండడం అక్కడే అబ్బింది. ఆ పనితనమే తర్వాత ఆమెను ఒమాన్ దాకా తీసుకొచ్చింది.

ఆ పాకే మొన్న తుఫాను గాలికి కూలిపోయింది. తిరుపతిలో నర్సింగ్ చదువుతున్న ఫర్జానా ఫోన్లో చెప్పింది. “పొయ్యిలు కూడా మట్టిలో కలిసిపోయినాయంట అమ్మీ. స్థలమాయన మళ్ళీ ఈడ వెయ్యొద్దన్నాడంట. కేంద్రం నిలిచిపోయింది.”

“మరి జైనబవ్వ ఏం తింటాది?” ఖాజాబీ నోట ముందొచ్చిన మాట అది. జైనబీ చూపు పోయిన ముసలమ్మ. వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ ఒక్క పూట మీదే బతుకుతోంది.

శుక్రవారం నాడు మన తెలుగువాళ్ళంతా ఖమరుద్దీన్ కిరాణా కొట్టు దగ్గర చేరతారు. ఖాజాబీ అక్కడికి పోయి, కనపడినవాళ్ళందరికీ సంగతి చెప్పి చందా అడగడం మొదలుపెట్టింది. ఖమరుద్దీన్ హైదరాబాద్ మనిషి, ఈ దేశంలో జుట్టు నెరిసినవాడు. ఆమెను గబగబా కొట్టు లోపలికి పిలిచాడు.

“ఆపా, ఇక్కడ పర్మిషన్ లేకుండా చందాలు వసూలు చెయ్యకూడదు. ఎంత మంచి పనికైనా సరే, నేరమే. నీ రెసిడెంట్ కార్డు మీదకు తెచ్చుకోకు, ఇంటికి పంపేస్తారు.”

ఖాజాబీ బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. గుమ్మం పక్కనే టీ తాగుతున్న భూమయ్య అంతా విన్నాడు. అతనిది జగిత్యాల దిక్కు. కంపెనీలో మేస్త్రీ. ఎండాకాలంలో మామా తోట గోడ కట్టింది అతనే. అప్పుడు ఖాజాబీ పెట్టిన చింతపండు పప్పు మొదటి ముద్ద తినగానే ఇల్లు గుర్తొచ్చి, మళ్ళీ వడ్డించమన్నాడు.

“అక్కా, పైసలు అడుగుడు తప్పయితే కానియ్యి. చేతులడిగితే తప్పు గాదు గద?”

“చేతులేంది అన్నా?”

“నేను లీవు మీద ఇంటికి పోతున్న. మీ పొయ్యిలు నేను కట్టిస్త.”

“జగిత్యాల యాడ, రాయచోటి యాడ! మీ ఆవిడ ఊరుకుంటాదా?”

“గౌరవ్వనా? మస్తు తిడ్తది. తిట్టుకుంటనే నా ఎంబడి వస్తది.”

ఖాజాబీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కానీ పొయ్యి కట్టాలంటే చోటుండాలి కదా. ఆ చోటు ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఒమాన్ జీతంతో ఊళ్ళో ఇల్లు కట్టించుకుంది. దాని వంటింట్లో ఇంకా ఎవరూ పాలు కూడా పొంగించలేదు. వెనక విశాలమైన పెరడు. తను శాశ్వతంగా తిరిగొచ్చాక అందరినీ పిలిచి దావత్ చేయాలని తాళం వేసి ఉంచింది. ఎన్నో ఏళ్ళ ఆశ అది. వదులుకోవడానికి మనసు ఒప్పుకోలేదు. చేపలు కడుగుతూ ఆలోచించింది, బట్టలు ఆరేస్తూ ఆలోచించింది. చివరికి కూతురికి ఫోన్ చేసింది.

“తాళం టీచరమ్మకు ఇచ్చిరా నాయనా.”

“నువ్వింకా ఒక్క దినమన్నా ఆ ఇంట్లో పండుకోలేదే అమ్మీ!”

“బూజు పట్టే ఇంటికంటే పొగ పట్టే ఇల్లు మేలు. మనం తిన్న బువ్వ అది, మర్చిపోవద్దు.”

“మర్చిపోలేదు. పొద్దున బస్సుకే పోతా.”

ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. మామా గమనించి ఏమైందని అడిగింది. ఖాజాబీ తనకొచ్చిన అరబ్బీలో, మిగతాది చేతులతో చెప్పింది. అంతా విని మామా తన సంగతి ఒకటి చెప్పింది. ఆమె చిన్నప్పుడు కాలువలు ఎండిపోయి, చెట్లు కాపు లేక నిలబడిపోయిన ఏళ్ళున్నాయట. పై ఊరి మనిషి ఎవరో గాడిద మీద ఖర్జూరం బుట్ట తెచ్చి వాకిట్లో దింపి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడట.

“ఆయనకు నేను ఏమీ ఇవ్వలేకపోయాను. మీ ఊరికి ఇస్తాను,” అని కొత్త పంట ఖర్జూరం డబ్బాలు తీయించింది. తన చేత్తోనే మంచి కాయలు ఏరింది.

భూమయ్య పెట్టె సగం ఖర్జూరంతోనే నిండింది. ఆ తర్వాత కడప వైపు సెలవు మీద పోయే ప్రతివాళ్ళూ వచ్చి ఒక పొట్లం అడిగి తీసుకుపోయారు. బాలింతలకూ నెత్తురు తక్కువైన ఆడపిల్లలకూ అవి బాగా పనికొచ్చాయని టీచరమ్మ కబురు పెట్టింది.

భూమయ్య అన్న మాట నిలబెట్టుకున్నాడు. గౌరవ్వ నిజంగానే తిట్టుకుంటూ వెంట వచ్చిందట. అతను పెరట్లో పొగ బయటికి పోయేలా పొయ్యిలు కడుతుంటే, ఆమె ఊరి ఆడవాళ్ళకు జొన్నరొట్టె చెయ్యడం నేర్పిందట. తిరిగి పోయేటప్పుడు వాళ్ళను బస్సు దాకా సాగనంపడానికి సగం ఊరు కదిలింది.

పొయ్యి వెలిగించిన రోజు టీచరమ్మ వీడియో కాల్ చేసింది. వరండా నిండా మనుషులు. నేల మీద విస్తళ్ళు. తన ఇంట్లో ఉన్న అంతమందినీ ఖాజాబీ ఒక్కొక్కరిగా చూసుకుంది.

“ఇల్లిచ్చినావు తల్లీ, నీ రుణం...” టీచరమ్మ మాట పూర్తికాలేదు.

“అట్లనొద్దు టీచరమ్మా. ఇచ్చే భాగ్యం నాకు దొరికింది, అదే చాలు. జైనబవ్వ యాడుందో చూపీ.”

జైనబీ అప్పుడే చెయ్యి కడుక్కుంటోంది. ఖాజాబీ పక్కనే ఉన్న మామా కూడా కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ మీదికి వంగి, “ఎవరు ఆమె?” అని అడిగింది. ఖాజాబీ చెప్పింది. చూపులేని మనిషి అని తెలిసినా మామా చెయ్యెత్తి, గట్టిగా సలాం చెప్పింది. ఎక్కడి నుంచో తెలియని ఆ గొంతు వైపు జైనబీ మొహం తిప్పి, తడిచేతిని గుండె మీద పెట్టుకుని, “వాలేకుం సలాం అమ్మా, కడుపు నిండింది,” అంది.