నీటికాకుల కుంట మీద డబ్బాల మోత

మొన్న సెంటినరీ కాలనీలో పొద్దున నడకకు పోతే, పార్కు గోడ మీద నీటికాకి బొమ్మ వేసి, కాకులు, గద్దలు, పాములు దీని సహజ శత్రువులని కింద రాసి ఉంది. చదవగానే ఈ డెబ్బై ఐదేళ్ల వయసులోనూ ఒళ్లు మండిపోయింది. ఆ వరుసలో నా పేరు లేదు మరి.

డెబ్బయ్యో దశకం మొదట్లో బొగ్గుబాయి పనికి కొత్తగా చేరి, గోదావరిఖనిలో మా కాక, అంటే నాన్న తమ్ముడి ఇంట్లో ఉండేవాణ్ణి. క్వార్టర్ల వెనక ఒక కుంట, అందులో సగం మునిగిన తుమ్మచెట్లు, వానలు పడగానే వాటి నిండా నీటికాకుల గూళ్లు. కాక షిఫ్టు దిగి ఒంటి మీద మసితోనే కట్ట మీద కూర్చునేవాడు. చేపతో పైకి తేలేవి, రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకునేవి, తల్లి గొంతులోకి తల దూర్చి తినే పిల్లలు, అన్నీ ఆయనే చూపించాడు. పక్క కొమ్మ మీద కాకి ఎంతసేపు కాచుకున్నా గూటి మీది పక్షి కదిలేది కాదు, జోడు వచ్చి దిగితేనే లేచేది.

"చూసినవా, రెండోది రానిదే జాగ ఇడువది. మన డ్యూటీ కన్న గట్టిది" అనేవాడు కాక.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరుకు రెట్టల వాసన పడలేదు. పక్షులను తరమమని పది మందికి ఖాళీ డబ్బాలిచ్చి పంపాడు. బాయిలోకి దిగకుండానే ఆ పూట డ్యూటీ చేసినట్టే రాస్తామన్నారు. నేనూ పోయాను. బలంగా కొట్టాను కూడా.

పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. అవి ఇంకా గాలిలో తిరుగుతుండగానే కాకులు గుడ్ల మీద పడ్డాయి, గద్దలు పిల్లలను తన్నుకుపోయాయి, నీళ్లలో పడ్డవాటిని నీరుకట్టె పాములు పట్టాయి. ఆఫీసరు గట్టు మీద గొడుగు కింద నిలబడి నవ్వుతున్నాడు.

"ఆపుండ్రి! పిల్లలున్నయిరా గూళ్లల్ల!" అని అరుస్తూ కాక ఛాతీలోతు నీళ్లలోకి దిగాడు. మూడు పిల్లలను తువ్వాలులో ఎత్తి గూళ్లలో పెట్టాడు. అప్పటికి గాని మా చేతులు ఆగలేదు. గట్టెక్కి నా ముందు నిలబడి, "నువ్వు గూడ కొట్టినవారా?" అన్నాడు. నేను డబ్బాను వీపు వెనక్కి పెట్టుకున్నాను.

సాయంత్రం పక్షులు తిరిగొచ్చి ఖాళీ గూళ్ల మీద కూర్చున్నాయి. మరుసటి ఏడు రాలేదు. కాక మళ్లీ ఆ కట్ట ఎక్కలేదు.

ఇప్పుడు కుంటను పూడ్చి రోడ్డు వేశారు, కాకా లేడు. నవ్విన ఆ మనిషి మీద కోపం అతని బదిలీతోనే సగం పోయింది. "నేను కొట్టను" అని ఒక్క మాట అనలేని ఆ ఇరవై ఏళ్ల వాడి మీద కోపం మాత్రం ఏటా తొలి వానకు కొత్తగా లేస్తుంది. ఆకాశంలో ఎంత వెతికినా ఒక్క నీటికాకీ కనిపించదు.