పట్టాభిషేకం లేని పెత్తనం

మా అమ్మాయి ఇంగ్లండు రాణుల గురించి మాట్లాడతానని స్కూల్లో పేరిచ్చి వచ్చిన రోజున, మా పక్కింటావిడ ప్రహరీ అవతల నిలబడి పడీ పడీ నవ్వింది. ఐర్లండులో ఇంతమంది వీరులుండగా పోయి పోయి వాళ్ల రాణులే దొరికారా అని. ఆవిడ ఇక్కడి హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన ఐరిష్ మనిషి. నవ్వడం అయ్యాక లోపలికెళ్లి, తన దగ్గరున్న పుస్తకాలన్నీ అట్టపెట్టెలో మోసుకొచ్చి మా వంటింటి బల్ల మీద దించింది. "వాళ్ల రాజులంటే నాకు పడదు గానీ, ఆ ఆడవాళ్ల మొండితనం అంటే ఇష్టం" అంది.

అవి మాంద్యం రోజులు. మేం రింగాస్కిడీ అనే ఊరికి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. నేనూ మావారూ అక్కడి మందుల ఫ్యాక్టరీలో ఒకే ల్యాబ్‌లో పనిచేశాం. ఆయన టీమ్ లీడ్, నేను ఆయన కింద ఎనలిస్టుని. ల్యాబ్‌లో ఆయన మాట నేను వినాలి, ఇంట్లో నా మాట ఆయన వినాలి, దానికీ దీనికీ సరిపోయేది. మొదటి విడత కోతల్లో ఆయన ఉద్యోగం పోయింది, నాది మిగిలింది. ఆయన చేసే పని ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి నన్ను చెయ్యమన్నారు. హోదా మాత్రం ఇవ్వలేదు. ప్రస్తుతానికి 'యాక్టింగ్', అంటే తాత్కాలికం అన్నారు. ఆ ప్రస్తుతం ఏడాది దాటినా అవలేదు.

ఇంటి దగ్గర మావారు ఊరికే కూర్చునే రకం కాదు. వంటింటిని తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆవాలు ఎక్కడున్నాయో తెలియక అమ్మాయిని అరిచి అడిగేవారు. అది ఫోన్ లోంచి తలెత్తకుండా "ఇన్ ద ప్రెస్, నాన్నా" అనేది. ఇక్కడివాళ్లు అల్మరాని అలాగే అంటారు. ఆ తర్వాత పక్కింటావిడ పుస్తకాల మీద పడ్డారు. పిల్ల తెరవకముందే ఈయన సగం చదివేశారు. భోజనాల దగ్గర హరికథ మొదలయ్యేది.

"రాజుకు మిగిలింది ఒక్క కూతురే. సామంతులంతా ఆ పిల్లే మా రాణి అని ఆమె తండ్రి ముందు ఒట్టేశారు. ఆయన పోయాడు. అంతే, ఒట్టు తీసి గట్టున పెట్టారు. పినతల్లో మేనత్తో, ఆవిడ కొడుకొచ్చి సింహాసనం ఎక్కి కూర్చున్నాడు."

"ఊరుకుందా మరి?" అన్నాను.

"ఊరుకుంటదా! సైన్యాన్ని పోగేసింది, అతన్ని పట్టి జైల్లో పెట్టించింది. లండన్ దాకా వెళ్లింది. ఇంకో నాలుగు రోజుల్లో పట్టాభిషేకం. సరిగ్గా భోజనానికి కూర్చోబోతుంటే ఊరంతా తిరగబడింది. వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి గుర్రమెక్కి పారిపోయింది."

"తినలేదా?"

"తినలేదు."

"అయ్యో పాపం" అన్నాను. నిజంగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అమ్మా! షీ లాస్ట్ ఎ కంట్రీ, అండ్ యూ ఆర్ వరీడ్ అబౌట్ హర్ డిన్నర్!" అని అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. కోపం వచ్చింది నాకు. ఆకలితో ఉన్న మనిషికి రాజ్యం పోతే బాధ రెండింతలవుతుందని ఈ పిల్లకేం తెలుసు?

తర్వాత కొన్నాళ్లకు మా ల్యాబ్‌లో టీమ్ లీడ్ పోస్టును మళ్లీ నింపుతామని ప్రకటించారు. లోపలివాళ్లే కాదు, కోతల్లో పోయినవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఆ సాయంత్రం ఈ సంగతి మావారికి చెప్పాను. "మంచిదే" అని పప్పు కలపడంలో మునిగిపోయారు. నేనూ ఇంకేం అడగలేదు. అడగడానికేముంది, అది ఆయన కుర్చీ.

ఆ వారమే అమ్మాయి తన ఉపన్యాసాన్ని మా ముందు రిహార్సల్ వేసింది. సోఫాలో నేనూ మావారూ, మధ్యలో పక్కింటావిడ. పిల్ల టీవీ ముందు నిలబడి తన జాబితాలో చివరి రాణి కథకు వచ్చింది. వారసత్వపు వరసలో భర్తకన్నా ముందున్నది ఆ రాణే. భార్య చాటు మొగుడిగా ఉండనని ఆయన భీష్మించుకుంటే, ఇద్దరికీ కలిపి కిరీటం పెట్టి పెత్తనం ఆయనకిచ్చారు. ఆయన యుద్ధం చెయ్యడానికి ఇదే ఐర్లండుకు వచ్చినప్పుడు అక్కడ ఇంగ్లండులో రాజ్యం నడిపింది ఆవిడే. బాగా నడిపింది. ఆయన ఇంటికి రాగానే మళ్లీ ఆయనకే అప్పగించింది. ఆయన వెళ్లిన ప్రతిసారీ అంతే.

"ఎంత మంచి ఇల్లాలో!" అన్నాను.

పక్కింటావిడ నావైపు తిరిగింది. "మంచిదే. తనకు పరిపాలన చేతనవునని ఆవిడ ఒక్కసారి కూడా నోరు తెరిచి అనలేదు. నా బాధంతా అదే" అంది.

"అనకపోతేనేం? నేనైనా అదే చేస్తాను. ఇవాళ అదే చేశాను కూడా" అన్నాను, కాస్త గొప్పగానే. పొద్దున కారిడార్‌లో మా మేనేజర్ ఎదురై, ఆ పోస్టుకి పెట్టుకుంటున్నావా అని అడిగాడు. మావారు పెట్టుకుంటున్నారు అని చెప్పాను. నేనడిగింది నీ గురించి కదా అని ఆయన తెల్లమొహం వేశాడు. ఆ అమాయకత్వం తలుచుకుని నేను సోఫాలో నవ్వుతున్నాను. నాతో ఎవరూ నవ్వడం లేదు. పక్కింటావిడ స్టవ్ మీద ఏదో పెట్టి మరిచిపోయానంటూ లేచి వెళ్లిపోయింది.

మావారు నెమ్మదిగా అన్నారు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఇంకా నీ చేతికి రాని కుర్చీ నాకు దానం చేసేశావా?"

"అది మీదే కదండీ."

"నాదయితే తీసేస్తారా? పెట్టుకుంటానని నీతో అన్నానా?"

"అనాలా? మీకు కావాలని నాకు తెలీదా?"

"కావాలి. ఎందుకక్కర్లేదు? పొద్దున్నే నువ్వు కారేసుకుని వెళ్లిపోతే ఈ ఇల్లు వచ్చి మీద పడ్డట్టుంటది నాకు. కానీ నువ్వు జాలిపడి వదిలేస్తే వచ్చే ఉద్యోగం నాకొద్దు. అందులో కూర్చున్నన్నాళ్లూ నీ మొహం ఎట్టా చూడమంటావ్?" మా పెళ్లయినప్పటి నుంచి ఆయన నా మీద అంత కోప్పడడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ ఆయనే అన్నారు. "ఇద్దరం పెడదాం. ఎవరికొస్తే వాళ్లకొస్తది."

"యూ టూ ఆర్ మ్యాడ్" అంది మా అమ్మాయి.

పిచ్చే. ఇంటర్వ్యూల దాకా మా వంటిల్లు యుద్ధభూమి అయింది. ఆయన వెళ్లాక ల్యాబ్‌లోకి వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్‌ని నేను ఆయనకు నేర్పాను. పరీక్ష తేడా వస్తే తప్పు ఎక్కడుందో ఎలా వెతకాలో ఆయన నన్ను గుచ్చి గుచ్చి అడిగారు, అంట్లు తోముతూనే. నా జవాబు నచ్చకపోతే గరిటె ఊపేవారు. ఒక్క ముక్క కూడా ఒకరి దగ్గర ఒకరం దాచుకోలేదు. ఇద్దరి ఇంటర్వ్యూలూ ఒకే రోజు. ఒకే కారులో వెళ్లాం. దారంతా ఎవరి పెదవులు వాళ్లం కదుపుకుంటూ కూర్చున్నాం. ఆయన ముందు వెళ్లి బయటికొచ్చి, నా భుజం మీది శాలువా సర్ది, "కంగారు పడకు, నీకొచ్చినవే అడుగుతున్నారు" అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

ఫలితం మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు. ఉద్యోగం నాకు వచ్చింది. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఓదార్పు మాటలు కూడబలుక్కున్నాను. వాళ్లకు బుద్ధిలేదు అనాలి. జీతం తక్కువ కాబట్టి నన్ను తీసుకున్నారు అనాలి. తలుపు తీసింది మావారే.

"నాకు గంట క్రితమే ఫోనొచ్చింది, నాకు రాలేదనీ నీకొచ్చిందనీ" అన్నారు. "నీకు వాళ్ల నోటితో చెబితేనే బాగుంటదని ఊరుకున్నా."

"ఏవండీ..."

"బాధగానే ఉంది. సంతోషంగానూ ఉంది. ఈ పూటకి రెంటినీ ఉండనియ్యి." నా చేతిలోంచి బ్యాగు అందుకున్నారు. "నీకెలా ఉంది?"

దారిలో సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"చాలా సంతోషంగా ఉందండీ" అన్నాను. "అది నాకు కావాలని ఉండింది. మొదటి రోజు నుంచీ ఉండింది."

"తెలుసు" అన్నారు ఆయన. "నువ్వెప్పుడంటావా అని చూస్తున్నా."