కంగారొస్తే నా మీదకి కొట్టేయండి

ఇవాళ డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఇదే మొట్టమొదటి డిగ్రీ! అమ్మకి చెప్పగానే మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు స్ట్రైకరన్నయ్యకి ఫోన్ చేశాను.

జూనియర్లని కూడా 'అండీ' అనే మనిషి. అవతలి గోలుకి వీపు పెట్టి నిలబడి, "కంగారొస్తే నా మీదకి కొట్టేయండి" అనేవాడు.

ముమ్మిడివరంలో ఫైనల్. స్కోరు సమానం, రెండు నిమిషాలే మిగిలాయి. మా గోలు ముందు బంతి నా కాళ్ల దగ్గరుండగా ముగ్గురు మీదకొచ్చేశారు. కంగారొచ్చి అన్నయ్య మీదకి ఎత్తి కొట్టాను. వెనక నుంచి ఇద్దరు తోస్తున్నా గుండెతో ఆపి, "రండి, రండి!" అని అరిచాడు. ఆ ముగ్గురినీ దాటి పరిగెత్తాను. నేనొచ్చేదాకా బంతిని కాచి, నా ముందుకు జార్చాడు. తన్నేశాను, గోల్!

"మీ వల్లేనండీ" అంటే, "మీరు పరిగెట్టేరు కాబట్టండీ" అన్నాడు.

ఇవాళా ఫోన్లో అదే గొంతు: "ఆయ్! మళ్లీ పరిగెట్టేరన్నమాట!"